పాత జోడు గొట్టాల తుపాకీ కొనే ముందు: కాగితం, గొట్టం, ఆ తర్వాతే పేరు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒకప్పుడు మునసబులు, కరణాలు, శ్రోత్రియందార్లు, పెద్ద రైతులు నివసించిన ఊళ్లలో తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకులు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని లైసెన్సుతో ఇళ్లలోనే ఉండగా, మరికొన్ని లైసెన్సుదారు కాలం చేసిన తర్వాత పోలీసు స్టేషన్‌లోనో, ఆయుధ వ్యాపారి దగ్గరో జమ అయి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయాయి. విదేశీ తుపాకులను దిగుమతి చేసుకోవడం సామాన్యులకు దశాబ్దాలుగా సాధ్యం కానందువల్ల, మంచి ఇంగ్లీషు తుపాకీ కావాలనుకునేవారు ఈ పాత సరుకునే వెతుక్కోవలసి వస్తోంది. కొనేవారు సాధారణంగా మొదట తుపాకీ మీద చెక్కిన పేరు చూస్తారు, తర్వాత నగిషీ చూస్తారు, ఆ తర్వాత నల్లగా మెరిసే గొట్టాలను చూసి సంతోషిస్తారు. కాగితాల సంగతి బేరం కుదిరాక అడుగుతారు. ఈ వరుసను తలకిందులు చేసి, ముందు కాగితం, తర్వాత గొట్టం, చిట్టచివర పేరు చూడాలని నేను గట్టిగా చెబుతాను.

కాగితాల విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఒకటి ఉంది. నూరేళ్లు దాటిన తుపాకీ పురాతన వస్తువు కనుక దానికి లైసెన్సు అక్కరలేదని అమ్మేవారు చెబుతారు, కొనేవారు నమ్ముతారు. 1959 నాటి ఆయుధ చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చిన మాట నిజమే గాని, ఆ మినహాయింపు మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా ఇక పనికిరాని పాత ఆయుధాలకు మాత్రమే వర్తిస్తుంది. తూటా పెట్టి పేల్చగలిగిన తుపాకీ, లేదా ఒక స్ప్రింగు మారిస్తే పేలే తుపాకీ, 1880లో తయారైనదైనా సరే, చట్టం దృష్టిలో నిన్న కొన్న తుపాకీతో సమానమే. లైసెన్సు లేకుండా దాన్ని ఇంట్లో ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత, రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. అటక మీద దొరికింది, గోడకు అలంకారంగా తగిలించుకున్నాం అన్న వివరణ న్యాయస్థానంలో నిలవదు.

కొనేవారికి 21 ఏళ్లు నిండి ఉండాలి, ఆ రకం ఆయుధానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ముందుగానే చేతిలో ఉండాలి. 2019 సవరణ ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కనుక ఇప్పటికే రెండు ఉన్నవారు మూడోదాని బేరానికి దిగకపోవడం మంచిది. లైసెన్సుదారు తన సొంత తుపాకీని మరో లైసెన్సుదారుకు అమ్ముకోవచ్చు. అయితే అమ్మదలచిన సంగతినీ, కొనేవారి పేరు, చిరునామానూ జిల్లా మేజిస్ట్రేటుకు గాని దగ్గరి పోలీసు స్టేషన్ అధికారికి గాని రాతపూర్వకంగా తెలియజేసి, కనీసం 45 రోజులు గడిచిన తర్వాతే తుపాకీ చేతులు మారాలి. ఈ గడువు పూర్తి కాకముందే బయానాతో పాటు తుపాకీని కూడా ఇంటికి తెచ్చుకోవడం ఇద్దరినీ ఇబ్బందుల్లో పడేస్తుంది. అమ్మేవారి లైసెన్సులో రాసి ఉన్న నంబరు, బోరు (గొట్టం లోపలి కొలత), తయారీదారు పేరు తుపాకీ మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. పాత గుమాస్తాలు చేత్తో రాసిన లైసెన్సుల్లో 3కు బదులు 8, 1కి బదులు 7 పడి ఉండటం సాధ్యమే కనుక, తేడా ఉంటే అమ్మేవారే ముందు దాన్ని సరిచేయించాలని పట్టుబట్టాలి.

అమ్మకానికి వచ్చిన తుపాకీ చనిపోయిన వ్యక్తి పేరు మీదే ఉంటే, కొడుకో మనవడో నేరుగా దాన్ని అమ్మలేరు. దాన్ని ముందు స్టేషన్‌లో గాని లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గర గాని జమ చేసి ఉండాలి, వారసులెవరో తేలాలి, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న పత్రం ఉండాలి. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం, లైసెన్సుదారు బతికి ఉండగానే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, వారసుడు తన పేరు మీద లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. అన్నదమ్ములు పంచుకోని ఆస్తిలో తుపాకీ కూడా ఉన్న ఇళ్లలో కొనేవారు తొందరపడకూడదు.

తుపాకీ మీద అసలు నంబరే లేకపోయినా, గీకేసినట్లు కనిపించినా, కొత్తగా పొడిచినట్లు ఉన్నా, అది ఎంత అందమైనదైనా వదిలేయాలి. తయారీదారు పేరు గాని నంబరు గాని గుర్తింపు ముద్ర గాని లేని తుపాకీని అమ్మడం ఆయుధ చట్టం 8వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం, ఉన్న ముద్రను చెరిపేయడం నేరం. అలాగే గొట్టాన్ని కోసి పొట్టి చేయడాన్ని 6వ సెక్షన్ లైసెన్సు లేకుండా అనుమతించదు. ఈ చివరి విషయం గొట్టాల పరీక్షలో మళ్లీ అవసరం పడుతుంది.

మన రెండు జిల్లాలవారు ప్రత్యేకంగా చూసుకోవలసినది అభయారణ్యాల దూరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, అభయారణ్యంలోనూ దాని నుంచి 10 కిలోమీటర్ల లోపులోనూ నివసించే తుపాకీ లైసెన్సుదారులు తమ పేరు అటవీ శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలంటుంది. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే ప్రధాన వన్యప్రాణి సంరక్షకుని సమ్మతి ముందుగా ఉండాలి. వెలిగొండల్లో పెంచలకోన చుట్టూ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది, దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది, దక్షిణాన పులికాట్, నేలపట్టు పక్షుల కేంద్రాలు ఉన్నాయి. ఈ పరిసరాల్లో ఉండేవారు బేరానికి ముందే తమ ఊరు ఆ పరిధిలోకి వస్తుందో రాదో అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. పంటలో పడే అడవిపందులను కాల్చడానికి తుపాకీ ఉంటే చాలుననుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే తుపాకీ లైసెన్సు వేటకు అనుమతి కాదు.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక తుపాకీని చేతిలోకి తీసుకోవాలి. తీసుకున్న వెంటనే మూతిని మనుషులు లేని దిక్కుకు తిప్పి, తుపాకీని కీలు దగ్గర వంచి తెరిచి, రెండు చాంబర్లూ, అంటే తూటాలు పెట్టే గదులు, ఖాళీగా ఉన్నాయో లేదో కంటితోనూ వేలితోనూ చూడాలి. ముప్పై ఏళ్లుగా పెట్టెలో ఉన్న తుపాకీలో కూడా తూటా ఉండవచ్చు; ఇంటివారు ఖాళీ అని చెప్పినా ఈ పని మానకూడదు.

తర్వాత గొట్టాల కింది ముందుచెక్కను తీసి, గొట్టాలను యాక్షన్ నుంచి, అంటే తూటాను పేల్చే యంత్రభాగం నుంచి, విడదీయాలి. గొట్టాల కింది చదునైన భాగంలోనే ఈ తుపాకీ చరిత్ర అంతా ఉంటుంది. అక్కడి నంబరు, యాక్షన్ మీది నంబరు, ముందుచెక్క ఇనుము మీది నంబరు, మూడూ ఒకటే అయి ఉండాలి. వేరైతే రెండు మూడు తుపాకుల భాగాలు కలిపి కట్టినదని అర్థం. నంబరు పక్కనే ప్రూఫ్ ముద్రలు ఉంటాయి. ఇంగ్లండులో తయారైన ప్రతి తుపాకీని లండన్‌లో గాని, 1813లో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో గాని మామూలు కన్నా ఎక్కువ మందుతో పేల్చి, నిలబడితేనే ముద్ర వేసేవారు. బర్మింగ్‌హామ్ ముద్రల్లో 1904కు ముందు ఒకదాన్నొకటి అడ్డంగా దాటే రాజదండాలు, వాటిపై కిరీటం కనిపిస్తాయి; 1904 నుంచి కిరీటం కింద బి.పి., బి.వి., ఎన్.పి. అక్షరాలు వచ్చాయి. బెల్జియంలోని లీజ్ నగరంలో తయారైనవాటి మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అక్షరాలు ఉంటాయి, 1893 తర్వాతివైతే దానిపై కిరీటం కూడా ఉంటుంది.

ఈ ముద్రల్లో కొనేవారు అన్నిటికన్నా జాగ్రత్తగా వెతకవలసినది నైట్రో ప్రూఫ్ ముద్ర (పైన చెప్పిన ఎన్.పి. వంటిది), అంటే పొగరాని మందుకు పరీక్షించినట్లు చెప్పే గుర్తు. అది లేని గొట్టాలు పొగ వచ్చే పాత నల్ల తుపాకిమందు కాలానివి. ఈ రోజు దొరికే తూటాలన్నీ పొగరాని మందువే, వాటి ఒత్తిడిని ఆ గొట్టాల కోసం లెక్కించలేదు. అలాంటి తుపాకీని చూసుకోవడానికి, దాచుకోవడానికి కొనవచ్చు, కాల్చడానికి కొనకూడదు. డమాస్కస్ గొట్టాల విషయంలో ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, ఒక కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కాల్చి అతికిన గొట్టాలవి; గోధుమరంగు నేల మీద మెలికల గీతలు కంటికి ఎంతో ఇంపుగా ఉంటాయి. వాటిలో కొన్ని నైట్రో పరీక్షకు కూడా నిలిచాయి. అయినా అతుకుల మధ్య లోపల్లోపల పట్టిన తుప్పు పైకి కనిపించదు కనుక, ముద్ర ఉన్నప్పటికీ, కావలి, కొత్తపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో దశాబ్దాలు గడిపిన డమాస్కస్ గొట్టాన్ని కాల్చడానికి నేను ఎవరికీ సలహా ఇవ్వను.

1875 నుంచి 1887 వరకు తయారైన చోక్ గొట్టాల మీద 'నాట్ ఫర్ బాల్' అని ఉంటుంది, మూతి దగ్గర ఇరుకైన గొట్టం కనుక అందులో ఒంటి గుండు కాల్చవద్దని దాని భావం. 1887 తర్వాత డైమండ్ గుర్తులో 12, సి అని ఉంటే అది 12 బోరు చాంబర్. అదే కాలం నుంచి 1954 వరకు, చాంబర్ వెనుక కొస నుంచి 9 అంగుళాల లోతులో గొట్టం లోపలి వ్యాసాన్ని 12, 13, 13 కింద 1 (13/1) అన్న అంకెలతో సూచించేవారు. 12 అంటే .729 అంగుళం, 13 కింద 1 అంటే .719, 13 అంటే .710. ఈ చిన్న అంకె కొనేవారికి గొప్ప సాయం చేస్తుంది. 13 కింద 1 ముద్ర ఉన్న గొట్టంలో .719 గేజి (కొలత చూసే కడ్డీ) దూరాలి, .729 గేజి దూరకూడదు. ఇప్పుడు .729 గేజి కూడా ఆ లోతుకు పోతోందంటే, తుప్పు గుంటలు పోగొట్టడానికి ఎవరో లోపల ఆ మేరకు లోహం అరగదీశారని, ఆ ముద్రకు ఇక విలువ లేదని అర్థం. లోపల అద్దమంత నున్నగా ఉన్న గొట్టం కన్నా, ఒకటి రెండు చిన్న గుంటలున్నా కొలత సరిపోయే గొట్టమే మేలైనది. మెరుపు చూసి ధర పెంచే అమ్మకందారుకు ఈ సంగతి నిదానంగా వివరించాలి.

లోపలి వ్యాసం ఒక్కటే సరిపోదు, గోడ మందం కూడా కొలవాలి. దానికి ప్రత్యేకమైన గేజి ఉంటుంది, అనుభవమున్న ఆయుధ వ్యాపారి దగ్గరో తుపాకీ మరమ్మతు నిపుణుని దగ్గరో దొరుకుతుంది. గొట్టం పొడవునా, చుట్టూ తిప్పుతూ కొలిచినప్పుడు అన్నిటికన్నా పలచని చోట .020 అంగుళం, అంటే సుమారు అర మిల్లీమీటరు ఉండాలన్నది నిపుణులు సాధారణంగా పాటించే హద్దు. చెన్నైలోనో హైదరాబాదులోనో ఈ కొలత తీయించడానికి అయ్యే ఖర్చు తుపాకీ ధరలో చాలా చిన్న భాగం. అయితే తుపాకీని అంత దూరం తీసుకువెళ్లాలన్నా అది అమ్మేవారి లైసెన్సు మీద, ఆ లైసెన్సు చెల్లే ప్రాంతంలో, ఆయన చేతి మీదుగానే జరగాలి.

గేజి లేకుండా కూడా ఇంటి దగ్గరే చాలా తెలుసుకోవచ్చు. గొట్టాలను కిటికీ వెలుగు వైపు పెట్టి వెనుక నుంచి చూస్తే, లోపల వెలుతురు వలయాలు వలయాలుగా కనిపిస్తుంది. ఆ వలయాలు గుండ్రంగా, ఒకే కేంద్రంగా ఉండాలి. ఒకచోట నీడ విరిగితే అక్కడ సొట్ట ఉంది. చుట్టూ నల్లని వలయం కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బింది. సొట్టను నిపుణుడు లోపలి నుంచి ఎత్తగలడు. ఉబ్బు అలా కాదు, లోహం సాగి పలచబడిందని అది చెబుతుంది. ఆ తర్వాత గొట్టాలను కింది కొక్కెం దగ్గర ఒక వేలికి వేలాడదీసి, వేలి కణుపుతో తట్టాలి. రిబ్, అంటే రెండు గొట్టాలనూ కలిపే పట్టీ, అతుకు గట్టిగా ఉన్న గొట్టాలు గుడిగంట మాదిరిగా మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. టక్కుమని ఆగిపోతే రిబ్ ఎక్కడో ఊడింది, ఊడిన చోట లోపల తేమ చేరి కంటికి కనపడని తుప్పు పట్టి ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో నెలల తరబడి చెమ్మ ఉండే మన ప్రాంతంలో ఈ పరీక్షను ఎన్నడూ వదిలిపెట్టకూడదు.

మూతి దగ్గర చూస్తే గొట్టాలను కోశారో లేదో తెలుస్తుంది. పాత ఇంగ్లీషు తుపాకుల గొట్టాలు ఎక్కువగా 28, 30 అంగుళాల పొడవుండేవి, మూతి దగ్గర రెండు గొట్టాలూ ఒకదానికొకటి తాకుతుండేవి. వాటి నడుమ సందు ఉండి, ఆ సందును సీసంతోనో ఇత్తడితోనో నింపి ఉంటే ముందు భాగం కోసేశారని అనుమానించాలి. కోసిన తుపాకీలో చోక్ పోతుంది, సమతూకం పోతుంది, విలువ చాలా పడిపోతుంది, పైగా ముందు చెప్పిన 6వ సెక్షన్ ప్రశ్న ఎదురవుతుంది. లైసెన్సులో గొట్టం పొడవు రాసి ఉంటే దానితో పోల్చాలి.

యాక్షన్ బిగువును చూడటానికి ముందుచెక్కను తీసేసి, గొట్టాలను మాత్రం యాక్షన్‌కు తగిలించి మూసి, మడమ (భుజానికి ఆనించే చెక్క) పట్టుకుని మెల్లగా కుదపాలి. కదలిక చేతికి తెలిస్తే కీలు అరిగింది. గొట్టాల వెనుక కొసకూ యాక్షన్ ముఖానికీ నడుమ వెలుతురు కనిపించినా, పలచని సిగరెట్టు కాగితం ముక్క బిగుసుకోకుండా జారినా అదే అర్థం. ఇది బాగు చేయదగిన లోపమే గాని ఖర్చుతో కూడినది, మంచి చేయి పడాలి. యాక్షన్ ముఖం మీద, తూటాను కొట్టే పిన్ను బయటికి వచ్చే రంధ్రాల చుట్టూ గుంటలు ఉంటే ఏళ్ల తరబడి తూటాల వెనుక నుంచి మంటలు చిమ్మాయని గ్రహించాలి.

గుర్రాలను (పిన్నును కొట్టే సుత్తులను), ట్రిగ్గర్లను ఖాళీ చాంబర్ మీద టకటకా కొట్టి చూడకూడదు, పాత పిన్నులు విరుగుతాయి. చాంబర్‌లో డమ్మీ తూటాలు పెట్టి చూడాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గరు లాగి, వదిలి, సేఫ్టీ తీసినప్పుడు లోపలి గుర్రం పడిపోతే ఆ తుపాకీ ప్రమాదకరం. బయటి గుర్రాల తుపాకుల్లో గుర్రం కొట్టిన తర్వాత తనంతట తాను సగం వెనక్కి రావాలి. 1860ల చివరి నుంచి వచ్చిన ఏర్పాటు అది, రాకపోతే తుపాకీ అంతకన్నా పాతదైనా అయి ఉంటుంది, స్ప్రింగు చచ్చినా అయి ఉంటుంది.

చెక్కను చూడవలసిన చోటు మడమ సన్నబడి యాక్షన్‌లో కలిసే మెడ. రోహిణి కార్తె ఎండలకు ఎండిన వాల్‌నట్ చెక్క అక్కడే చీలుతుంది, దాన్ని జిగురుతో అతికి మీద వార్నీషు పూస్తారు. వార్నీషు మెరుపు మితిమీరి ఉంటే భూతద్దంతో చూడాలి. మరలను కూడా అదే అద్దంతో చూడాలి, గాళ్లు చెదిరి ఉంటే చేతకాని మనిషి ఎవరో విప్పాడని తెలుస్తుంది. నగిషీ గీతల్లో విజయదశమి పసుపు కుంకుమ పేరుకుపోయి తేమను పట్టి ఉంచే అవకాశం ఉంది కనుక, ఆ చోట్లను మెత్తని కుంచెతో, నూనెతో తుడిచి అడుగున ఏముందో చూడటం మంచిది.

పేరు ఇప్పుడు చూడాలి. రిబ్ మీద పి. ఓర్ అండ్ సన్స్, మద్రాసు అనో, మాంటన్ అండ్ కో, కలకత్తా అనో, ఆర్.బి. రోడా అనో ఉంటే అది ఎక్కువగా అమ్మిన దుకాణం పేరే. తుపాకీ బర్మింగ్‌హామ్‌లో తయారై ఆ పేరుతో వచ్చి ఉంటుంది. అవి తక్కువ తుపాకులు కావు, మన దేశపు వాడకానికి గట్టిగా చేయించినవి వాటిలో ఎన్నో ఉన్నాయి. పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, వెస్ట్‌లీ రిచర్డ్స్ పేరు ఉంటే నంబరు తీసుకుని ఆ సంస్థకు రాయాలి. వాళ్ల పాత ఖాతాల్లో ఆ నంబరు తుపాకీ ఏ సంవత్సరంలో, ఏ గొట్టాలతో తయారైందో ఉంటుంది. ప్రసిద్ధమైన పేర్లకు దగ్గరి పేర్లు చెక్కిన బెల్జియం తుపాకులు ఉన్నాయి కనుక, రిబ్ మీద ఇంగ్లీషు పేరు, గొట్టం కింద ఇ.ఎల్.జి. ముద్ర కనిపిస్తే గొట్టం కిందిదాన్నే నమ్మాలి. 1875లో వెస్ట్‌లీ రిచర్డ్స్ ఉద్యోగులు అన్సన్, డీలీ రూపొందించిన బాక్స్‌లాక్ యాక్షన్, అంటే పేల్చే భాగాలన్నీ యాక్షన్ లోపలే ఉండే ఏర్పాటు, సాదాగా, గట్టిగా ఉంటుంది. ఆ భాగాలను పక్క పలకల మీద అమర్చిన సైడ్‌లాక్ ఖరీదైనది, మరమ్మతు కూడా ఖరీదే. వాడకానికి కొనేవారికి నా ఓటు ఎప్పుడూ బాక్స్‌లాక్‌కే.

ధర గురించి ఒక్కటే చెప్పగలను: నైట్రో ముద్ర, సరిపోయే కొలతలు, మూడు చోట్లా ఒకే నంబరు, శుభ్రమైన కాగితాలు ఉన్న పేరులేని తుపాకీకి, ఇవి లేని పెద్ద పేరు తుపాకీ కన్నా ఎక్కువ ఇవ్వడం న్యాయం. మరమ్మతులకు అయ్యే ఖర్చును బేరంలోనే తీసేయాలి. మరమ్మతు కూడా లైసెన్సు ఉన్నవారే చేయాలి, ఊళ్లోని కమ్మరికి ఇవ్వడం చట్టవిరుద్ధం.

కొన్నాక మొదట చేయవలసిన పని చాంబర్ పొడవు కొలిపించడం. పాత ఇంగ్లీషు తుపాకుల్లో ఎక్కువవాటికి రెండున్నర అంగుళాల చాంబరే ఉంటుంది, 1925 తర్వాతి ముద్రల్లో ఆ పొడవు అంకెల్లో ఉంటుంది. 70 మిల్లీమీటర్ల తూటా అందులో సులువుగా దూరుతుంది, ఎందుకంటే ఆ పొడవు పేలి విచ్చుకున్న తర్వాతిది. పేలినప్పుడు మూతి మడత విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కనుక శక్తిమాన్ తూటాలు కొన్నా మరేవి కొన్నా పెట్టె మీది పొడవు చూసి, 65 మిల్లీమీటర్లవే తీసుకోవాలి.

తుపాకీని తోలు తొడుగులో దాచకూడదు, తోలు చెమ్మను పీలుస్తుంది. తేలికపాటి నూనె పూసి, గుడ్డతో తుడిచి, తాళం వేసిన అలమరలో, తూటాలకు దూరంగా పెట్టాలి. ఎన్నికలప్పుడు అధికారులు ఆయుధాలను జమ చేయమంటారు. స్టేషన్ గదిలో నెల రెండు నెలలు చూసేవారు లేక తుప్పు పట్టే ప్రమాదం ఎక్కువ కనుక, ఇచ్చే ముందు గొట్టాల లోపలా బయటా నూనె కాస్త దట్టంగానే పూయాలి, నంబర్ల, మెడ చెక్క ఫొటోలు తీసుకోవాలి, రసీదులో నంబరుతో పాటు తుపాకీ స్థితి కూడా రాయించుకోవాలి, తిరిగి తీసుకునేటప్పుడు ఆ రసీదుతో పోల్చి చూసుకున్నాకే సంతకం పెట్టాలి.